ముళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఇక అక్కర్లేదా?

"చిటికెడు కండ చాలు. యంత్రంలో పెడితే జాతి పేరు అదే చెప్పేస్తుంది. ఇంకా తోక ముళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చునే రోజులా ఇవి?"

జంతుశాస్త్రం చదివినవాళ్ళు నలుగురు కూడిన చోట ఈ మాట తప్పకుండా వినిపిస్తోంది. అన్నవాళ్ళు ధీమాగా అంటారు, విన్నవాళ్ళు తల ఊపుతారు. ఎమ్మెస్సీ పిల్లలు సలహా అడిగితే పెద్దలు చెప్పేదీ ఇదే: "వర్గీకరణ జోలికి పోకు, మాలిక్యులర్ తీసుకో." ఎవరూ ఎదురు చెప్పకపోవడం వల్ల ఇది సిద్ధాంతంలా చలామణీ అవుతోంది. ఈ మాట తప్పని నా వాదన. ఆ వాదనకు సాక్షిగా ఒకే ఒక్క ప్రజాతిని పిలుస్తాను. దాని పేరు బాథినోమస్.

పెరట్లో పూలకుండీ ఎత్తితే అడుగున తేమలో బూడిదరంగు పురుగులు పాకుతుంటాయి. ముట్టుకుంటే వాటిలో కొన్ని బంతిలా ముడుచుకుంటాయి. అవి పురుగులు కావు. రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలు, ఐసోపాడ్‌లు. ఆ కుండీ కింది జీవిని జానెడున్నర పొడవుకు పెంచి, ఏడు జతల కాళ్ళూ పలకల వీపూ అలాగే ఉంచి, వందల మీటర్ల లోతున చీకటి బురద మీద వదిలితే బాథినోమస్ అవుతుంది. పైనుంచి రాలిపడే చేపల, తిమింగలాల కళేబరాలు దాని తిండి. ఈ ప్రజాతిలో ఇప్పటికి ఇరవైకి పైగా జాతులకు పేర్లున్నాయి. అన్నిటికన్నా పెద్దది గైగాంటియస్, అర మీటరు దాకా పెరుగుతుంది. మన వార్తల్లో కనిపించినప్పుడల్లా దీన్ని "సముద్రపు బొద్దింక" అంటారు. బొద్దింక కీటకం, ఆరు కాళ్ళది. ఇది పద్నాలుగు కాళ్ళ పీత బంధువు. లెక్క చూసుకోకుండా పేరు పెడితే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తోంది.

ఖండించే ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. లేకపోతే గడ్డిబొమ్మతో కుస్తీ పట్టినట్టే.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ఒక ప్రతిపాదన చేసింది. మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను జంతువులన్నిటికీ గుర్తింపు పట్టీగా వాడుకోవచ్చన్నది. దుకాణంలో సబ్బుబిళ్ళకూ బిస్కెట్ ప్యాకెట్‌కూ ఉండే బార్‌కోడ్ లాంటిదే. దీని లాభాలు కాదనలేనివి. జీవి మొత్తం దొరక్కపోయినా ఒక కాలు ముక్కతో పని జరుగుతుంది. పిల్ల జీవుల్లో లక్షణాలు తేలవు. బాథినోమస్ పిల్ల తల్లి సంచిలోంచి బయటికొచ్చేసరికి దానికి ఆఖరి జత కాళ్ళు కూడా ఉండవు. అలాంటి పసిదాన్ని కంటితో చూసి జాతి చెప్పడం కష్టం, బార్‌కోడ్‌కు వయసుతో పని లేదు. చూడ్డానికి ఒక్కలా ఉన్నా లోపల వేరైన జాతుల్ని అది బయటపెడుతుంది. ఒకేసారి వేల నమూనాలు చూడొచ్చు. వీటన్నిటి మీదా మరొకటి ఉంది: వర్గీకరణ తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, పేరు లేని జీవులు మాత్రం కుప్పలుగా మిగిలాయి. ఈ ధైర్యంతోనే 2021లో కోస్టారికా కందిరీగల మీద ఒక పరిశోధక బృందం ప్రధానంగా బార్‌కోడ్ తేడాల ఆధారంగా 403 కొత్త జాతుల్ని ఒకే వ్యాసంలో ప్రకటించింది. దాని మీద శాస్త్రలోకంలో పెద్ద రచ్చే జరిగింది.

ఇదీ పూర్వపక్షం. ఇందులో ప్రతి లాభాన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది ముగింపును: "కాబట్టి కంటితో చూసేవాళ్ళు అక్కర్లేదు" అన్నదాన్ని.

మొదటి ప్రశ్న. యంత్రం ఇచ్చేది అక్షరాల వరస. దాన్ని డేటాబేస్‌లో ఉన్న పాత వరసలతో పోల్చి "ఇది ఫలానా దానితో 99 శాతం సరిపోయింది" అంటుంది. మరి ఆ ఫలానా దానికి ఆ పేరు ఎవరు పెట్టారు? ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఒక శరీరాన్ని ముందు పెట్టుకుని, దాని పలకలూ ముళ్ళూ చూసి పెట్టారు. అక్కడ తప్పు పడితే యంత్రం ఆ తప్పునే శ్రద్ధగా, వేగంగా, 99 శాతం కచ్చితత్వంతో పంచిపెడుతుంది.

మన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్ అడంగల్‌లో పేరు మారినంత మాత్రాన చేలో హద్దురాయి జరగదు. తగాదా వస్తే సర్వేయరు గొలుసు పట్టుకుని రాయి దగ్గరికే రావాలి. జంతువుల పేర్లకూ అలాంటి హద్దురాయి ఉంది. దాన్ని టైపు నమూనా అంటారు. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక శరీరాన్ని ఎంచి, మ్యూజియంలో సీసాలో భద్రపరిచి, "ఈ పేరు దీనిది" అని ముద్ర వేస్తారు. ఆ తరవాత ఎన్ని అభిప్రాయాలు మారినా, ఎన్ని యంత్రాలొచ్చినా పేరు ఆ శరీరాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. సీసా లేని వరస ఆకాశరామన్న ఉత్తరం లాంటిది. అందులో ఉన్నది నిజమే కావచ్చు, రాసినవాణ్ణి పిలిచి అడిగే దారి మాత్రం లేదు.

ఉదాహరణ బాథినోమస్‌లోనే ఉంది. కెన్స్‌లీయి అనే జాతికి 2006లో పేరు పెట్టారు. దక్షిణ చైనా సముద్రంలో పట్టిన బాథినోమస్‌ను కూడా అదే అనుకున్నారు. 2017లో హైనాన్ దీవి దగ్గరి జీవుల్ని పరీక్షించిన చైనా పరిశోధకులు అక్కడ వేరే జాతి ఉందని తేల్చి దానికి జేమ్సీ అని పేరు పెట్టారు. మరో ఐదేళ్ళకు ఇంకో బృందం పాత నమూనాను తిరగేసి, దక్షిణ చైనా సముద్రపు "కెన్స్‌లీయి" నిజానికి జేమ్సీయేనని చెప్పింది. ఆ మధ్యకాలంలో ఎవరైనా తమ నమూనాను "కెన్స్‌లీయి" అన్న ఆ తప్పు చీటీ ఉన్నదానితో పోల్చుకుని ఉంటే ఏమయ్యేది? సరిపోలడం నిక్షేపంగా సరిపోలేది, పేరు మాత్రం తప్పేది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. కస్తూరి బోర్డు ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా కంపు పోదు. ఇదే జేమ్సీ మొత్తం జన్యుపటాన్ని 2022లో ప్రచురించారు. అందులో దాదాపు 590 కోట్ల అక్షరాలు, మనిషి జన్యుపటానికి ఇంచుమించు రెట్టింపు. అంతటి గ్రంథం మీద అట్ట సరైనదైతేనే లోపలి పుటలకు విలువ. ఆ అట్ట వేసింది 2017లో శరీరాన్ని చూసినవాళ్ళు.

ఇక ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న అసలు తురుపుముక్క: యుకటానెన్సిస్. 2017లో మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దగ్గర, 600 నుంచి 800 మీటర్ల లోతులో ఎరబుట్టకు ఒక బాథినోమస్ చిక్కింది. పొడవు సుమారు 26 సెంటీమీటర్లు. అది జపాన్‌లోని ఎనోషిమా అక్వేరియానికి చేరింది. అక్కడ దాన్ని గైగాంటియస్ అనుకున్నారు. అనుకోవడంలో వింత లేదు. దొరికింది గైగాంటియస్ ఉండే సముద్రంలో, తోక పలక మీద ముళ్ళూ దానికిలాగే పదకొండు. తీరా జన్యుపరీక్ష చేస్తే సీఓఐ, 16ఎస్ అనే రెండు జన్యువుల్లోనూ తేడా కనిపించింది. 2022లో కొత్త జాతిగా ప్రకటించారు. "చూశారా, ముళ్ళు లెక్కపెట్టినవాళ్ళు మోసపోయారు, డీఎన్‌ఏ పట్టేసింది!" అని చంకలు గుద్దుకుంటారు.

కొంచెం ఆగండి. ముళ్ళు ఒక్కటే లెక్కపెట్టినవాళ్ళు మోసపోయారు, నిజమే. వర్గీకరణ అంటే ముళ్ళు ఒక్కటే లెక్కపెట్టడమని ఎవరన్నారు? అదే జీవిని పక్కన పెట్టి ఓపిగ్గా చూస్తే ఒళ్ళు సన్నం, కాళ్ళు నాజూకు, మీసాలు పొడవు, రంగు బూడిదకు బదులు మచ్చలతో మీగడ పసుపు. ఇవన్నీ ఆ వ్యాసంలోనే ఉన్నాయి. రెండు వరసలు వేరని యంత్రం చెప్పింది. వాటిలో ఏది గైగాంటియస్, ఏది కొత్తది అన్న ప్రశ్నకు జవాబు శరీరాలు పోల్చినవాళ్ళ దగ్గర దొరికింది. ఆ సముద్రాలకే చెందిన మరో జాతి మాక్సియోరమ్ తోక మీద ఏడే ముళ్ళు. కాబట్టి ఇది అదీ కాదని తేల్చింది ఈ వెక్కిరింపులు పడే ముళ్ళ లెక్కే! ఈ కథలో డీఎన్‌ఏ సాక్ష్యం చెప్పింది, చాలా విలువైన సాక్ష్యం. తీర్పు రాసింది మాత్రం రెండు పక్షాల సాక్ష్యమూ విన్న మనిషి.

ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరనుంచి చూద్దాం. స్పిరిట్ సీసాలోంచి తీసిన జీవిని పళ్ళెంలో బోర్లా పెడతారు. ఆరిపోకుండా తడుపుతూ ఉంటారు. ముందు తోక పలక. అంచున ముళ్ళు ఎన్ని? సులువనిపిస్తుంది. ఎడమ మూలన ఉన్నది ముల్లా, పలక అంచేనా? మూడోది విరిగిపోయింది, విరిగిన మోడు ఉందా, అసలు పుట్టనే లేదా? ముళ్ళు తిన్నగా ఉన్నాయా, కొనలు పైకి లేచాయా? తరవాత తోక రెక్కల అంచు, దాని మీది వెంట్రుకల వరస ఎంతవరకు సాగింది? మీసాన్ని వెనక్కి వాల్చి చూస్తారు, ఎన్నో పలక దాకా చేరింది? జీవిని వెల్లకిలా తిప్పి నోటి ముందరి చిన్న పలక ఆకారం చూస్తారు. మగదైతే రెండో ఈతకాలు లోపలి కాడ పొడవు చూస్తారు. ఒక్కో లక్షణానికీ పక్కనే ఇంకో జాతి నమూనా, లేదా దాని బొమ్మ. ఇది గుమాస్తా పని అనేవాళ్ళు ఒక్క సాయంత్రం ఆ పళ్ళెం ముందు కూర్చోవాలి. ఏ తేడా వయసు వల్ల వచ్చింది, ఏది ఆడామగా తేడా, ఏది దెబ్బ తగిలి వచ్చింది, ఏది జాతి తేడా అన్నది వందల శరీరాలు చూసిన చేతికే అందుతుంది. కంసాలి గీటురాయి మీద గీసి బంగారం మాట చెప్పినట్టే.

జాతి సంగతి అలా ఉంచి, అసలు ఈ ప్రజాతి ఎలా పుట్టిందో చూడండి. అలెగ్జాండర్ అగాసిజ్ నడిపిన బ్లేక్ ఓడ యాత్రలో మెక్సికో సింధుశాఖ అడుగునుంచి ఒక కుర్ర మగ జీవి పైకి వచ్చింది. 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త అల్ఫోన్స్ మిల్న్-ఎడ్వర్డ్స్ దాన్ని తెరిచి చూశాడు. పొట్ట కింది ఈతకాళ్ళ మొదట చెట్టుకొమ్మల్లా చీలిన మొప్పల గుత్తులు కనిపించాయి. మామూలు ఐసోపాడ్‌లకు ఆ ఏర్పాటు లేదు. అంత పెద్ద ఒంటికి ఊపిరి ఎలా అందుతోందో ఆ గుత్తులే చెప్పాయి. వాటిని చూసే ఇది కొత్త ప్రజాతి అన్నాడు. ఒకే లక్షణం ఇటు పేరుకూ పునాది అయింది, అటు బతుకు రహస్యమూ విప్పింది. ఆరొందల యాభై అక్షరాల వరసను ఎన్నిసార్లు తిప్పి చదివినా ఈ జీవి ఎలా గాలి పీలుస్తుందో తెలియదు.

ఇప్పుడు మన కథ. ఇందులో నా పక్షానికి దెబ్బ తగిలే సంగతి ఒకటి ఉంది. దాచను.

బ్రిటిష్ కాలంలో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ బంగాళాఖాతాన్ని గాలించేది. దాని సేకరణల మీద కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చెందిన జేమ్స్ వుడ్-మేసన్, ఓడ వైద్యుడూ ప్రకృతి శాస్త్రజ్ఞుడూ అయిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ పనిచేశారు. 1891 నాటికి మన సముద్రపు బాథినోమస్ శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. ఏ పేరుతో? గైగాంటియస్. మెక్సికోలో దొరికినదీ ఇక్కడ దొరికినదీ ఒకటే అనుకున్నారు. 1908లో ఇండియన్ మ్యూజియం ప్రచురణల్లో ఆర్.ఇ. లాయిడ్ దీని శరీర నిర్మాణం మీద పెద్ద వ్యాసమే రాశాడు. అప్పుడూ అదే పేరు. 2006లో జిమ్ లోరీ, కేట్ డెంప్సీ హిందూ, పసిఫిక్ సముద్రాల బాథినోమస్‌లన్నిటినీ తిరిగి పరిశీలించారు. గైగాంటియస్ అట్లాంటిక్ జీవి అని, మన వైపుది వేరే జాతి అని తేల్చి కీబ్లీ అని పేరు పెట్టారు. నూటపదిహేనేళ్ళపాటు మన జీవి వేరొకరి పేరుతో బతికింది.

"మరి కంటి చూపు నూటపదిహేనేళ్ళు తప్పినట్టేగా?" అంటారు. అవును, తప్పింది. ఆ తప్పును దిద్దిందెవరు? మళ్ళీ శరీర లక్షణాలే పోల్చినవాళ్ళు. దిద్దడం ఎలా వీలైంది? శరీరాలు సీసాల్లో ఉన్నాయి గనక, వర్ణనలు అచ్చులో ఉన్నాయి గనక. లాయిడ్ వ్యాసం మీద పేరు మారింది, ఆయన గీసిన నరాలూ కండరాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ పద్ధతిలోనైనా తప్పు దొర్లుతుంది. తిరిగి వెళ్ళి చూసుకోవడానికి ఏం మిగిల్చింది అన్నదాన్ని బట్టి పద్ధతికి విలువ కట్టాలి. శరీరాన్ని పారేసి వరసను మాత్రమే దాచుకుంటే రేపటివాళ్ళు దిద్దుకోవడానికి మనం ఏమీ మిగల్చనట్టే.

యంత్రం తప్పు చేయదన్న భ్రమ ఒకటుంది, దాన్నీ వదిలించుకోవాలి. మైటోకాండ్రియా జన్యువుల పాత నకళ్ళు కొన్ని యుగాల కిందట కణకేంద్రకంలోకి జారి అక్కడే ఉండిపోయాయి. పరీక్షలో అసలుకు బదులు ఆ నకలు చిక్కితే లేని జాతి ఉన్నట్టు కనిపిస్తుంది. మిడతల మీద, క్రేఫిష్‌ల మీద చేసిన పరిశోధన 2008లోనే ఈ ప్రమాదాన్ని చూపించింది: ఉన్న జాతులకన్నా లెక్క ఎక్కువ తేలుతోంది. ఫార్మలిన్‌లో నానిన పాత నమూనాల డీఎన్‌ఏ చాలావరకు చితికిపోయి ఉంటుంది. పాత నమూనాలతో, అంటే పేర్లకు మూలమైన వాటితో, యంత్రం చాలాసార్లు మాట్లాడలేదు. పోనీ రెండు వరసల మధ్య తేడా ఎంతుంటే వేరే జాతి? అన్ని జంతువులకూ సరిపడే హద్దు లేదు. ఏదో ఒక శాతం దగ్గర గీత గీయాల్సింది మనిషే. ఆ గీత సరైనదో కాదో చూసుకోవడానికి మళ్ళీ శరీరాల దగ్గరికే రావాలి.

ఇండోనేషియా, వియత్నాం ఈ పాఠాన్ని మనకన్నా ముందే నేర్చుకున్నాయి. 2018లో సింగపూర్, ఇండోనేషియా శాస్త్రవేత్తలు కలిసి జావా దీవికి దక్షిణాన లోతు సముద్రాన్ని గాలించారు. దొరికిన పెద్ద బాథినోమస్‌కు 2020లో రాక్షస అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో ఆ మాటకు అర్థం పెద్దది, భారీది అని. మూలం మనకు తెలిసిన రాక్షసుడే. ఇక వియత్నాంలో బాథినోమస్ భోజనప్రియుల పళ్ళెంలోకి ఎక్కింది. చేపల వ్యాపారుల దగ్గర కొన్న నమూనాల్ని హనోయ్ నుంచి సింగపూర్‌కు, పీటర్ ఎంగ్ బృందానికి పంపారు. తల ఆకారం స్టార్ వార్స్ సినిమాల్లోని డార్త్ వేడర్ శిరస్త్రాణంలా ఉందని 2025 జనవరిలో దానికి వేడరి అని పేరు పెట్టారు. పొడవు 32 సెంటీమీటర్ల పైన, బరువు కిలో దాటింది. బజారులో అమ్ముడయ్యేదాకా శాస్త్రానికి పేరే తెలియని జంతువది! దాన్ని చూసి "ఇది జేమ్సీ కాదు" అనగలిగిన కన్ను లేకపోయి ఉంటే కొత్త జాతి కాస్తా కూరై కడుపులోకి పోయేది.

"పేరు ఏదైతేనేం, ఉన్నది ఉంటుంది కదా" అనేవాళ్ళకు ఆఖరి జవాబు. ఉండకపోవచ్చు. గైగాంటియస్ అనుకున్నంతకాలం ఈ జీవి మెక్సికో నుంచి బంగాళాఖాతం దాకా విస్తరించిన జాతి. ఇక్కడ నాలుగు పోయినా అక్కడ నాలుగొందలుంటాయిలే అనుకోవచ్చు. కీబ్లీ అన్న మరుక్షణం అది మన వైపు సముద్రానికే చెందిన జీవి అయింది. దాని మంచిచెడ్డలు మన బాధ్యత అయ్యాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురూ గ్యాసూ తవ్వుతున్నాం. 2021లో కేంద్రం నాలుగువేల కోట్ల పైచిలుకుతో డీప్ ఓషన్ మిషన్ మంజూరు చేసింది. లోతు సముద్రపు ఖనిజాలతో పాటు అక్కడి జీవవైవిధ్యమూ దాని లక్ష్యాల్లో ఉంది. అడుగున ఏముందో రాసే జాబితాలో పేర్లు తప్పితే, ఆ జాబితా చూసి వేసే ప్రతి సంతకమూ తప్పుతుంది.

కాబట్టి నేను అడిగేది బార్‌కోడ్ యంత్రాల్ని మూలన పెట్టమని కాదు. సముద్రంలోంచి పైకి తెచ్చిన ప్రతి బాథినోమస్ నుంచీ కండ తీయండి, వరస చదవండి, డేటాబేస్‌లో పెట్టండి. దానితోపాటు శరీరాన్ని సీసాలో పెట్టండి, సీసా మీద నంబరు వేయండి, ఆ నంబరును వరసకు జోడించండి. సీసా నంబరు లేని వరసకు జాతి పేరు రాయడం మానేయండి. ప్రతి సముద్రజీవుల ప్రాజెక్టులోనూ యంత్రానికి పెట్టే ఖర్చులో పదోవంతు, ముళ్ళు లెక్కపెట్టడం నేర్చుకునే ఒక కుర్రాడికో అమ్మాయికో జీతంగా ఇవ్వండి. విశాఖలో, చెన్నైలో, కొచ్చిలో సముద్రశాస్త్రం చెప్పే పంతుళ్ళకు నా విన్నపం ఒక్కటే: ఈసారి పిల్లలు సలహా అడిగితే వర్గీకరణ వద్దని చెప్పకండి.

బంగాళాఖాతపు బాథినోమస్ 1891లోనే అచ్చులోకి వచ్చింది. దానికి సొంత పేరు 2006లో దక్కింది. ఆ పేరు పెట్టినవాళ్ళు పనిచేసింది సిడ్నీలో.